అపస్మారము - బాలల జ్ఞాపకశక్తి

మూర్ఛ, ఫిట్సు అని మనము పిలుచు వ్యాధికి ప్రాచీన వైద్యులు పెట్టిన పేరు అపస్మారము. జ్ఞాపకము తొలగిపోవుట అని దాని అర్థము. చరకసంహితలో నిదానస్థానపు 8వ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. స్మృతి, బుద్ధి, సత్త్వము కలత చెందుట దీని లక్షణమని అందు కలదు. అయితే ఆ మాట ముఖ్యముగా మూర్ఛ వచ్చిన సమయమును గూర్చినది. మూర్ఛ లేని దినములలో సైతము బిడ్డ చదివినది మరచుట వేరు సంగతి. ఈ భేదము తేలుటకు చాల కాలము పట్టినది.

1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్ పొటాసియం బ్రోమైడు మూర్ఛలను తగ్గించునని తెలిపెను. మూర్ఛలు తగ్గినవి గాని, మోతాదు హెచ్చినచో రోగి మందకొడిగా, మతిమరపుతో ఉండెడివాడు. 1912లో జర్మనీలో హౌప్ట్‌మన్ ఫినోబార్బిటాల్ వాడి చూచెను. చవుకైన ఆ మందు నేటికిని వాడుకలో ఉన్నది. దాని వలనను కొందరు పిల్లలకు మత్తు, ఏకాగ్రతాలోపము కలుగును. అట్లని తలిదండ్రులు మందు మానిపింపరాదు. ఒక్కసారిగా మానినచో ఎడతెగని మూర్ఛలు రావచ్చును. మందు మార్చుట వైద్యుని పని.

బడిపిల్లల విషయమున ఎక్కువ వెలుగు వచ్చినది 1935లో. మెదడులోని విద్యుత్తరంగములను కాగితముపై నమోదుచేయు పద్ధతిని బెర్గర్ 1929లో ప్రకటించియుండెను. దానితో అమెరికాలో గిబ్స్, డేవిస్, లెనాక్స్ ఒక వింత మూర్ఛను పరీక్షించిరి. ఇందులో బిడ్డ క్రింద పడడు, కాళ్ళు చేతులు కొట్టుకొనడు. కొన్ని క్షణములు చూపు నిలిచిపోవును, అంతే. ఆ క్షణములలో సెకనుకు సుమారు 3 చొప్పున పెద్ద తరంగములు కనబడినవి. ఆత్మకూర్ (ఎస్) బడిలో ఎక్కములు చెప్పుచున్న బాలిక 'ఏడారులు' వద్ద ఆగి, పది సెకనుల తరువాత మరల మొదలుపెట్టినదనుకొనుడు. నడుమ ఉపాధ్యాయుడు చెప్పినది ఆమె మెదడున పడనే లేదు. ఇట్టివి రోజుకు పదులకొద్ది వచ్చినచో పాఠము జల్లెడలో పోసిన నీరే. దీనిని పరధ్యానమనుకొని బెత్తము తీసినవారెందరో!

మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాందీ, మన చిత్తూరునకు పొరుగుననున్న వెల్లూరులో 1952లో మూర్ఛరోగికి శస్త్రచికిత్స చేసెను. మరుసటి ఏడు అమెరికాలో స్కోవిల్, చిన్ననాటినుండి మూర్ఛతో బాధపడిన హెన్రీ మోలెసన్‌కు మెదడు ఇరుప్రక్కలనున్న హిప్పోకాంపస్ భాగములను చాలవరకు తొలగించెను. మూర్ఛలు తగ్గినవి, క్రొత్త జ్ఞాపకము మాత్రము నిలువలేదు. ఏండ్ల తరబడి పరీక్షించిన బ్రెండా మిల్నర్ ప్రతిసారియు ఆయనకు క్రొత్త మనిషియే. కణతల ప్రక్క భాగమున మూర్ఛ పుట్టు పిల్లలు పాఠము ఏల మరతురో దీనివలన బోధపడినది, ఏలయన హిప్పోకాంపస్ ఉండునదియు అచ్చటనే. ఆమె ఆయనచే అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మ గీయించెను. రోజురోజుకు చేయి తిరిగినది. నిన్న గీసినట్లు మాత్రము ఆయనకు తెలియదు.