ఆపరేషన్ థియేటర్‌కు గాలి వచ్చిన దారి

బెంగళూరు మారతహళ్ళి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి పీజీలు, ఆంధ్రా మెస్సులు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్. ఉపగ్రహాలను కూర్చి పరీక్షించే ఇస్రో కేంద్రం ‘ఐసైట్’ కూడా అక్కడే ఉంది. 2019లో చంద్రయాన్-2ను ప్రయోగానికి ముందు పత్రికల వాళ్లకు చూపించింది ఆ కేంద్రంలోనే. ఉపగ్రహాన్ని కూర్చే క్లీన్‌రూమ్‌కూ, మోకాలి కీలు మార్చే ఆపరేషన్ థియేటర్‌కూ కావలసింది ఒకటే: దుమ్ము లేని గాలి. ఆ గాలిని మనిషి ఎలా సాధించాడు, తక్కువ కరెంటుతో తిప్పడం ఎలా నేర్చుకున్నాడు అన్నదే ఈ కథ.

1960. అమెరికాలోని శాండియా ప్రయోగశాల. అణ్వాయుధాల్లో వాడే సున్నితమైన భాగాలు దుమ్ము పడి పాడవుతున్నాయి. గదికి ఎన్ని బిగింపులు చేసినా, ఎంత తుడిచినా, మనిషి లోపలికి అడుగుపెడితే చాలు, దుమ్ము లేస్తోంది. అక్కడి శాస్త్రవేత్త విల్లిస్ విట్‌ఫీల్డ్ ఓక్లహోమాలో పత్తి రైతు కొడుకు. దుమ్మును పుట్టకుండా ఆపలేం కాబట్టి, పుట్టిందాన్ని పుట్టినట్టే గాలితో ఊడ్చేయాలన్నది ఆయన ఆలోచన. హెపా ఫిల్టర్లు అప్పటికే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు పరిశోధనల్లో రేడియోధార్మిక ధూళిని పట్టడానికి పుట్టినవి అవి. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతాయి. విట్‌ఫీల్డ్ వాటి గుండా గాలిని సుడులు తిరగనివ్వకుండా ఒకే దిక్కుకు పంపాడు. కణాలు లెక్కపెట్టే పరికరం దాదాపు సున్నా చూపించేసరికి, చెడిపోయిందేమోనని అనుమానపడ్డారట. 1964లో పేటెంటు వచ్చింది.

ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో, రైటింగ్టన్ ఆస్పత్రిలో డాక్టర్ జాన్ చార్న్లీ తుంటి కీలు మార్పిడికి కొత్త దారి వేస్తున్నారు. ఆపరేషన్ బాగా జరిగినా, కొందరికి లోపల చీము పట్టి అమర్చిన కీలు తీసేయాల్సి వచ్చేది. ఆయన ఆపరేషన్ బల్ల చుట్టూ ఒక చిన్న గది కట్టించి, అందులోకి వడకట్టిన గాలిని పంపారు. ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి. ఆ తర్వాత పరిశోధకులు 8 వేలకు పైగా కీళ్ల మార్పిడి ఆపరేషన్లను పరిశీలించి 1982లో ఫలితాలు ప్రకటించారు. అతిశుభ్రమైన గాలి ఉన్న థియేటర్లలో లోతైన ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గినట్టు తేలింది.

రోగికి మేలు జరిగింది, కరెంటు బిల్లు మాత్రం పెరిగింది. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న థియేటర్ తీసుకోండి. గంటకు 20 సార్లు గాలి మారాలంటే 80 వేల ఘనపుటడుగులు తిప్పాలి. బరువులో చూస్తే అది రెండు టన్నులకు పైమాటే. అంత గాలినీ చల్లబరచాలి, తేమ తీయాలి, దట్టమైన ఫిల్టర్ గుండా నెట్టాలి.

నెట్టేది ఫ్యాను. పాత పద్ధతిలో మోటారు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. గాలి ఎక్కువైతే దారిలోని తలుపును (డ్యాంపర్) మూస్తారు. ఎద్దును అదిలిస్తూనే పగ్గం బిగించినట్టు. దీనికి విరుగుడు డెన్మార్క్ నుంచి వచ్చింది. మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని అదుపుచేసే డ్రైవును డాన్‌ఫాస్ కంపెనీ 1968లో పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మనం వీఎఫ్‌డీ అంటున్నది దాన్నే. ఫ్యాను వేగం సగమైతే దానికి కావలసిన శక్తి, సూత్రం ప్రకారం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వాస్తవంలో అంత కాకపోయినా ఆదా పెద్దదే.

రెండో ఖర్చు తేమది. వానాకాలం బెంగళూరు గాలి చల్లగా ఉన్నా తడిగా ఉంటుంది. తేమ తీయడానికి దాన్ని అవసరానికి మించి చల్లబరుస్తారు. తర్వాత హీటర్‌తో మళ్లీ వెచ్చబెడతారు. ఒకే గాలికి రెండుసార్లు ఖర్చు. ఈ చిక్కుకు మందు హీట్ పైపు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని తయారుచేశాడు. మూసేసిన గొట్టంలో కొంచెం ద్రవం ఉంటుంది. వేడి తగిలిన కొసన ఆవిరై, చల్లని కొసకు పోయి, అక్కడ వేడిని వదిలి మళ్లీ ద్రవంగా వెనక్కి వస్తుంది. దీనికి మోటారు అక్కర్లేదు. ఉపగ్రహాల్లో వేడిని పంచడానికి వాడేదీ ఇదే. గాలిని చల్లబరిచి, వడకట్టి పంపే యంత్రం (ఏహెచ్‌యూ)లో కూలింగ్ కాయిల్‌కు ఇటూ అటూ దీన్ని అమరిస్తే, లోపలికి వచ్చే గాలిలోని వేడిని తీసి, చల్లబడి వెళ్లే గాలికి ఇస్తుంది. చల్లదనం అందించే చిల్లర్ మీద భారం తగ్గుతుంది, హీటర్ పనీ తగ్గుతుంది. హీటర్ చిన్నదైతే దానికోసం కొనే డీజిల్ జనరేటరూ (డీజీ సెట్టు), కేబుళ్లూ చిన్నవవుతాయి.

ఆదా పేరుతో రోగి రక్షణలో కోత పెట్టకూడదు. రాత్రి ఏహెచ్‌యూను పూర్తిగా ఆపేస్తే, కారిడార్ గాలి థియేటర్‌లోకి చొరబడుతుంది. ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌ఏబీహెచ్ 2018 మార్గదర్శకాలు ఈ సంగతి స్పష్టంగా చెప్పాయి: ఆపరేషన్లు లేని వేళ కూడా బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి, లోపలి పీడనం బయటికంటే ఎక్కువగా ఉండాలి, ఆ షరతు తప్పనంతవరకు వీఎఫ్‌డీతో గాలి మార్పిడిని 25 శాతానికి తగ్గించుకోవచ్చు. గోడ మీది ప్రెషర్ గేజ్ ముల్లు సరిగా ఉందో లేదో చూసి రాసుకునే టెక్నీషియనే ఇక్కడ అసలు కాపలాదారు.

కొత్తగా ఆస్పత్రి కడుతున్న డాక్టర్లకూ, ల్యాబు పెడుతున్న వాళ్లకూ ఒక మనవి. చిల్లర్ ఎన్ని టన్నులని అడిగే ముందు డిజైనర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: రాత్రి రెండింటికి ఈ ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతుంది? చల్లబరిచిన గాలిని మళ్లీ వెచ్చబెట్టేది ఏది? ఈ రెంటికీ జవాబు డ్రాయింగు దశలోనే రావాలి. భవనం లేచాక వెతికే జవాబుకు ఖర్చు ఎన్నో రెట్లు.