పాటిదిబ్బలు, మెటల్ డిటెక్టర్లు

పాటిమట్టి అంటే ఏమిటో మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఊరుండి పాడుబడిన దిబ్బల్లోని మట్టి అది. చేనుకు బలమని బళ్ళమీద తోలుకొచ్చి చల్లేవారు. ఆ మట్టితోపాటు పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒకటి రెండు నాణేలు పొలాల్లోకి చేరేవి. దున్నుతుంటే తగిలేవి, వాన వెలిశాక పైకి తేలేవి. ఇప్పుడు అటువంటి నేలమీద మెటల్ డిటెక్టరు పట్టుకుని తిరిగేవారున్నారు. కొందరిది గుప్తనిధుల ఆశ, కొందరిది పాత నాణేల సరదా. మన ఊరి దిబ్బలో బౌద్ధం ఆనవాళ్ళు ఉన్నాయేమో మనమే తవ్వి చూద్దామన్న ఉత్సాహం మన ఉపాసకుల్లోనూ కలగవచ్చు. అందుకే ఈ విషయం మనలో మనం మాట్లాడుకోవాలి.

ఆ ఉత్సాహం అర్థం లేనిది కాదు. పొలాల్లో దొరికిన నాణేలు చరిత్రను తిరగరాసిన సందర్భం మన కళ్ళముందే ఉంది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేలను పురాలిపి పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించారు. వాటిమీద గోబద, నారన, కంవాయ, సమగోప వంటి పేర్లున్నాయి. పురాణాల రాజవంశావళిలో లేని పాలకులు వీరు. తొలి శాతవాహన రాజు చిముకుని నాణేలు కూడా అక్కడే దొరికాయి. శాతవాహనుల తొలినాటి కేంద్రం తెలంగాణేనన్న వాదానికి వీటితో బలం వచ్చింది. అక్కడికి దగ్గరలోనే, పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట స్తూపం ఉంది. బుద్ధుడికి పడగపట్టిన ముచిలింద నాగుని శిల్పం ఆ స్తూపానిదే.

ఆ నాణేలు ఇంత మాట్లాడగలిగాయంటే, అవి ఫలానా చోట దొరికాయని తెలియడం వల్లనే. అవే నాణేలు ఊరూపేరూ లేకుండా ఏ వ్యాపారి సంచిలోనో కనిపించి ఉంటే, కొత్త రాజుల పేర్లు తెలిసేవేమో గాని, వారు ఏ నేలను ఏలారో తెలిసేది కాదు. శాతవాహనుల సీసపు నాణేలమీద కంచెలోని చెట్టు, మూడు వంపుల కొండ వంటి గుర్తులు ఉంటాయి. ఆ చెట్టు బోధివృక్షమని, ఆ కొండ చైత్యమని మనం వెంటనే అనుకుంటాం. కాని ఒక్క గుర్తును బట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. ఆ నాణెం ఏ పొరలో ఉంది, పక్కన విహారపు ఇటుక ఉందా, భిక్షాపాత్ర పెంకు ఉందా అన్నదే అసలు సాక్ష్యం. గునపంతో నాణెం ఒక్కటీ పెకిలించి తీస్తే ఆ సాక్ష్యం అక్కడికక్కడే పోతుంది.

భట్టిప్రోలు సంగతి చూడండి. అక్కడి మహాస్తూపం దిబ్బను జనం లంజదిబ్బ అని పిలిచేవారు. బుద్ధుని ధాతువులు దాచిన చోటికి ఆ పేరు ఎలా అంటుకుందో ఆలోచిస్తే, మన చరిత్రను ఎంతగా మరపించారో తెలుస్తుంది. ఆ దిబ్బ ఇటుకలను, రాళ్ళను రోడ్లకు, కాలువ పనులకు తవ్వుకుపోయారు. మిగిలిన దాన్ని 1892లో అలెగ్జాండర్ రీ పద్ధతిగా తవ్వించారు. లోపల రాతి కరండాలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, చిన్న చిన్న బంగారు పూలు, ముత్యాలు, ధాతువులు బయటపడ్డాయి. ఆ రాతి కరండాలమీద అక్షరాలున్నాయి. దక్షిణాదిలో దొరికిన అతి పాత బ్రాహ్మీ రాతల్లో అవి ఒకటి. కుబేరకుడనే రాజు పేరు, నిగమసభ్యుల పేర్లు వాటిలో కనిపిస్తాయి. కుర అనే మనిషి, అతని తల్లి, తండ్రి కలిసి బుద్ధ ధాతువులకోసం పేటికను, స్ఫటికపు భరిణెను ఇచ్చారని అక్కడ రాసి ఉంది.

ఈ నేలమీద బౌద్ధాన్ని నిలబెట్టింది రాజులు మాత్రమే కాదు, ఇటువంటి కుటుంబాలు. వారి సంగతి ఏ పురాణమూ చెప్పలేదు, ఆ రాయి చెప్పింది. మెటల్ డిటెక్టరు బంగారు పూవుకు మోగుతుంది. ఎముకకు మోగదు, స్ఫటికానికి మోగదు, రాతిమీది అక్షరానికి మోగదు. ఆ మోత విని ఆత్రంగా తవ్వే చేతికి పూవు దక్కుతుంది, కుర కుటుంబం మట్టిలో కలిసిపోతుంది.

పద్ధతిగా బయటికి తీసిన ధాతువు తిరిగి వందనం అందుకోగలిగింది కూడా. భట్టిప్రోలు ధాతువును ప్రభుత్వం మహాబోధి సొసైటీకి అప్పగించింది. అనగారిక ధర్మపాల కలకత్తాలో కట్టించిన ధర్మరాజిక విహారంలో 1920లో దాన్ని ప్రతిష్ఠించారు. అది ఎక్కడిదో రాసిపెట్టి ఉండబట్టే, వంగదేశంలో దానికి నమస్కరించేవారికి అది ఆంధ్రదేశపు భట్టిప్రోలు ధాతువని తెలుసు.

చట్టం కూడా ఈ వైపే ఉంది. నేలలో దాగిన, పది రూపాయలకు మించి విలువచేసే వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. దాచిపెడితే శిక్ష ఉంటుంది. తెలిపితే మన సొత్తు పోతుందన్న భయం రైతుకు సహజం. కాని యజమాని ఎవరూ తేలని నిధిలో దొరికినవారికి, భూయజమానికి వాటాలు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. ఈ మాట మన ఊళ్ళలో చెప్పవలసినవాళ్ళం మనమే.

కాబట్టి దిబ్బ కనిపిస్తే తవ్వవద్దు. దున్నుతుంటే ఏదైనా తగిలితే కడగవద్దు, రుద్దవద్దు. ఉన్నచోటే ఫోటో తీసి, పొలం సర్వే నంబరు, తేదీ, పక్కన కనిపించిన ఇటుకలు, పెంకులు రాసుకుని, రెవెన్యూవారికి, పురావస్తు శాఖకు లిఖితపూర్వకంగా తెలపాలి. రసీదు అడిగి తీసుకోవాలి. పాటిదిబ్బను జేసీబీతో చదును చేస్తుంటే పదిమందిమి కలిసి వెళ్ళి ఆపమని అడగాలి. ప్రతి బుద్ధవిహారంలోనూ ఒక నోటుపుస్తకం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ దిబ్బల పేర్లు, పెద్దలు చెప్పే కథలు ఎక్కించడం ఈ వర్షావాసంలోనే మొదలుపెట్టవచ్చు. దానికి యంత్రం అక్కర్లేదు, కలం చాలు.