చందా పుస్తకం, పార



మనం ఏదైనా కట్టాలనుకుంటే ముందుగా తీసేది చందా పుస్తకమే. న్యూయార్క్ హార్లెమ్‌లో సంఘకాపరిగా ఉన్న జేమ్స్ రాబిన్సన్ అనే నల్లజాతి దైవసేవకుడు మాత్రం పార పట్టే యువతను వెదికారు. 1954లో ఆఫ్రికా చూసి వచ్చిన ఆయన, 1958 వేసవిలో ‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా’ పేరుతో దాదాపు 60 మందిని ఘానా, నైజీరియా మొదలైన పశ్చిమాఫ్రికా దేశాలకు పంపారు. నల్లవారు, తెల్లవారు కలిసే వెళ్లారు. అప్పటికి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల వాళ్లు ఒకే హోటల్లో పక్కపక్కన కూర్చొని తినే వీలు కూడా లేదు.

పల్లెల్లో బడులూ అలాంటి కట్టడాలూ లేపడం వాళ్ల పని. జీతం లేదు సరికదా, ఖర్చులో కొంత తామే సమకూర్చుకోవాలి. ఎదురు డబ్బు పెట్టి కూలికి పోవడమన్నమాట! మన పిల్లలకు చెబితే నవ్వుతారు.

రాబిన్సన్‌గారి పట్టు ఒక్కటే: ఆ పల్లెల కోసం కాదు, ఆ పల్లెలతో కలిసి. అందుకే ఆఫ్రికా విద్యార్థులు కూడా వీళ్ల పక్కనే పనిచేశారు. చదువుకున్నవాడు మట్టి ముట్టడం చిన్నతనమన్న తలంపు ఏ దేశంలో లేదు? నెహెమ్యా కాలంలో తెకోవీయులు గోడ బాగుచేశారు గాని వారి అధికారులు మెడ వంచలేదు.

1961లో అమెరికా ప్రభుత్వం పీస్ కోర్ స్థాపించింది. దానికి ముందు దారి వేసినది ఈ పనేనని మరుసటి ఏడు అధ్యక్షుడు కెనడీ ఒప్పుకున్నారు.

మా మందిరం పునాది తవ్విన రోజు మేమూ సంఘ పెద్దలూ కుర్చీల్లోనే కూర్చున్నాం. తట్టలెత్తింది కూలికెళ్లి బతికే అక్కలు, అదీ ఆ రోజు కూలి వదులుకొని.