ఖాళీకీ ఒక కొలత: సీసపు పట్టీ నుండి ఫోను తెర వరకు

మొబైలు ఫోనులో సెట్టింగ్స్ తెరను చూడనివారు నేడు అరుదు. భాష, అక్షరాల పరిమాణం, గంట శబ్దం మొదలైనవి దానిలో ఒకదాని క్రింద ఒకటిగా వరుసలు తీరి ఉంటాయి. వరుసకూ వరుసకూ నడుమ కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ తగ్గితే వ్రేలు ఒకదానిని తాకబోయి మరొకదానిని తాకుతుంది. మరీ పెరిగితే కావలసిన వరుస తెర దిగువకు జారిపోతుంది. కనుక ఆ ఖాళీ వట్టి శూన్యం కాదు. కొలిచి ఉంచిన వస్తువు. దానిని దేనితో కొలవాలి, ఎవరి వ్రాతకు తగినట్లు కొలవాలి అనే ప్రశ్నలు మాత్రం ఫోను కంటె ఎంతో పాతవి.

ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలో పదాల నడుమ ఖాళీ వదిలేవారు కారు. మన తాళపత్ర గ్రంథాలదీ ఇంచుమించు అదే తీరు. లాటిన్ భాషను పదాలు విడదీసి వ్రాసే పద్ధతి 7, 8 శతాబ్దాలలో ఐర్లండు లేఖకుల చేతిలో స్థిరపడింది. లాటిన్ వారి మాతృభాష కాదు. పదం ఎక్కడ ముగిసినదో చెవికి తట్టని చోట కంటికి చూపవలసి వచ్చింది. ఖాళీ చదువరి అవసరం కొరకు పుట్టినదని దీనివలన తెలుస్తున్నది.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఖాళీ చేతితో పట్టుకొనదగిన వస్తువైనది. జర్మనీలోని మైంజ్ నగరంలో 1455 ప్రాంతాన గూటెన్‌బర్గ్ ముద్రించిన బైబిలులో మొదటి పుటలకు 40 పంక్తుల చొప్పున ఉన్నవి. తరువాత 41, ఆపైన 42 పంక్తులు కనిపిస్తాయి. అక్షరం ఆకారం మారలేదు. అక్షరాన్ని మోసే లోహపు దిమ్మె ఎత్తు మాత్రమే తగ్గింది. కాగితం ఆదా కొరకే ఇట్లు చేశారని పండితుల అభిప్రాయం. తరువాతి కాలపు ముద్రాపకులు పంక్తుల నడుమ సన్నని సీసపు పట్టీలు పెట్టి ఖాళీని సవరించేవారు. ఇంగ్లీషులో సీసాన్ని ‘లెడ్’ అంటారు గదా! పంక్తుల ఎడానికి ‘లెడింగ్’ అనే పేరు అందుండి వచ్చినదే.

పట్టీలకు ఒక ప్రమాణం కావాలి. 1737లో ఫ్రాన్సులో ఫూర్నియే అక్షరాల కొలతలకు ఒక పట్టికను ప్రకటించాడు. అమెరికా పోతదారులు 1886లో తమ ‘పాయింటు’ను స్థిరపరచుకొన్నారు. అది సుమారు అంగుళంలో 72వ వంతు.

కంప్యూటరు తెర మీద సీసానికి బదులు ‘పిక్సెల్’ అనే వెలుగు చుక్క వచ్చింది. 1984 నాటి మాకింటాష్ తెరలో అంగుళానికి 72 చుక్కలు. అనగా చుక్క ఒకటి, పాయింటు ఒకటి. 1996 డిసెంబరులో వెలువడిన సి.ఎస్.ఎస్. ప్రమాణం ప్రతి అంశాన్నీ ఒక పెట్టెగా భావించింది. పెట్టె అంచు లోపలి ఖాళీకి ‘పాడింగ్’ అనీ, వెలుపలి ఖాళీకి ‘మార్జిన్’ అనీ పేర్లు.

అసలు చిక్కు ఫోనుతో వచ్చింది. 2007 నాటి ఐఫోను తెరలో అంగుళానికి 163 చుక్కలు. 2010 నాటి నమూనాలో 326. చుక్కలను లెక్కించి గీసిన మీట కొత్త తెర మీద సగం ఎత్తుకు కుంచించుకొని పోవాలి. అందుచేత చుక్కను విడిచి వేరొక మాత్రను పట్టుకొన్నారు. ఆండ్రాయిడ్‌లో దాని పేరు ‘డి.పి.’. అంగుళానికి 160 చుక్కలున్న తెర మీద ఒక డి.పి. అంటే ఒక చుక్క. 480 చుక్కలున్న తెర మీద మూడు చుక్కలు. తెర ఏదైనా కంటికి కనిపించే ఎడం ఇంచుమించు ఒకటే.

మరి ఎంత ఎడం చాలును? 1954లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ కొందరిచేత రెండు లోహపు పలకలను మార్చి మార్చి ఒక పుల్లతో తాకించాడు. పలకల దూరం పెరిగినా, వెడల్పు తగ్గినా పట్టే కాలం ఒక సంవర్గమాన సూత్రం ప్రకారం పెరిగింది. చిన్న గురికి ఎక్కువ కాలం కావాలి. తొందరపడితే గురి తప్పుతుంది. తాకదగిన స్థలం 48 డి.పి. ఉండాలని ఆండ్రాయిడ్ సూచన. అది 0.3 అంగుళం, అనగా సుమారు 7.6 మిల్లీమీటర్లు. వెబ్ పుటల సౌలభ్యం గురించి 2023లో వెలువడిన ప్రమాణం, మీట కొంత చిన్నదైనా చుట్టూ తగినంత ఖాళీ ఉంటే అంగీకరిస్తుంది. ఖాళీ కూడ మీటలో భాగమేనన్నమాట!

ఇంతవరకు వ్రేలి సంగతి. ఇక అక్షరం సంగతి. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, వత్తులు క్రిందికి దిగుతాయి. ‘రాష్ట్రం’ అనే మాటను చూచినా చాలు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన వరుస ఎత్తులో దానిని ఇరికిస్తే వత్తు తెగుతుంది, లేదా క్రింది పంక్తిలోని గుడికి తగులుతుంది. ‘కల్ల’ అనే మాటలో వత్తు తెగితే మిగిలేది ‘కల’. అబద్ధం కాస్తా స్వప్నమైపోతుంది. 2014లో వెలువడిన గూగుల్ రూపకల్పన సూత్రాలు తెలుగును పంక్తి ఎత్తు అధికంగా కావలసిన లిపులలో చేర్చినవి. 2018 నాటి ఆండ్రాయిడ్ 9లో, వాడిన అక్షరాల నిజమైన ఎత్తును బట్టి పంక్తి పెరిగే ఏర్పాటు వచ్చింది.

అయినా, యాప్ నిర్మాత వరుస ఎత్తును ఒకే అంకెతో బిగించివేస్తే ఈ ఏర్పాట్లు అక్కరకు రావు. చూపు మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకొన్నప్పుడు మొదట నష్టపోయేది వత్తులే. ‘ఎత్తు ఇంత’ అని కాక, ‘కనీసం ఇంత’ అని చెప్పి, పైనా క్రిందా ఖాళీని వేరుగా ఇవ్వడమే దీనికి విరుగుడు. విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చును. ఫోను భాషను తెలుగుకు మార్చి, అక్షరాలను గరిష్ఠ పరిమాణానికి పెంచి, సెట్టింగ్స్ తెరలో వత్తులున్న మాటలను వెదకాలి. వత్తు తెగిన ప్రతిచోటా ఖాళీని వేరొక లిపికి కొలిచారని గ్రహించవచ్చును.