కవి పక్కన నిలిచినవారు: నోరి నరసింహశాస్త్రి చారిత్రక నవలలు - కావ్యావతారికలు

ప్రాచీన సాహిత్యం ఆధునిక నవలకు ప్రేరణ కావడం ఏ ఒక్క భాషకో పరిమితమైన పరిణామం కాదు. జపానులో అకుతాగవ ర్యునోసుకె 'కొంజకు మొనొగతరి'లోని వృత్తాంతం ఆధారంగా 1915లో 'రషోమొన్' కథ రాశాడు. 'గెంజి మొనొగతరి'ని ఆధునిక జపనీసులోకి తెచ్చిన తనిజాకి జునిచిరో, 1949-50లో హెయాన్ యుగం నేపథ్యంగా షిగెమొతో అనే రాజోద్యోగి తల్లిని గురించి నవల ప్రకటించాడు. ఆ 1949లోనే నోరి నరసింహశాస్త్రి (1900-1978) 'నారాయణభట్టు' వెలువడింది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టిన ఈ రెండు నవలలూ ప్రసిద్ధులను కాక, వారి నీడలో నిలిచినవారిని శీర్షికకు ఎక్కించాయి.

రేపల్లెలో న్యాయవాదిగా జీవించి, సాహితీ సమితి సభ్యుడైన నరసింహశాస్త్రి కవిత్రయ కాలాలను వరుసగా 'నారాయణభట్టు', 'రుద్రమదేవి', 'మల్లారెడ్డి' నవలలలో చిత్రించాడు. నన్నయ, తిక్కన, ఎర్రనల పేర్లు ఈ శీర్షికలలో లేవు. దీనికి కారణాన్ని కావ్యావతారికలలో వెతకవలసి ఉంటుంది.

భారత యుద్ధంలో అర్జునునికి కృష్ణుడు తోడైనట్లు భారత రచనలో తనకు నారాయణభట్టు తోడ్పడ్డాడని నన్నయ స్వయంగా చెప్పుకొన్నాడు. రాజరాజనరేంద్రుడు 1053లో నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానం చేసిన శాసనాన్ని రచించినవాడు కూడా నన్నయభట్టే. సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో నారాయణభట్టు కవిగా ప్రసిద్ధుడని ఆ శాసనం కీర్తిస్తుంది. ఇంతటి పండితుని రచన ఏదీ నేడు లభించదు. అవతారికలోని కృతజ్ఞత, శాసనంలోని ప్రశంస మాత్రమే మిగిలాయి. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీయే నవలాకారునికి చోటిచ్చింది.

'మల్లారెడ్డి'కీ ఇటువంటి ఆధారమే ఉంది. ఎర్రనను తన వద్దకు తెచ్చినవాడు తమ్ముడు మల్లారెడ్డి అని ప్రోలయ వేమారెడ్డి చెప్పినట్లు హరివంశావతారిక తెలుపుతుంది. చరిత్రలో సేనానిగా ప్రసిద్ధుడైన వ్యక్తిని ఆ అవతారిక కవిని గుర్తించిన సహృదయునిగా కూడా నిలిపింది.

'రుద్రమదేవి' విషయంలో ఈ సూత్రం సరిపోదు. తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితమిచ్చాడు. స్వప్నంలో తండ్రి కొమ్మన కనిపించినట్లు చెప్పుకొన్నాడు. నన్నయకు నారాయణభట్టు వలె రచనలో తోడ్పడిన సమకాలికుడెవరూ ఆ అవతారికలో కనబడడు. మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుని దర్శించాడన్న కథ సిద్ధేశ్వర చరిత్రలో ఉన్నా, అది రుద్రమకు ఆయనతో సాహిత్య సంబంధాన్ని నిరూపించదు. అందువల్ల ఈ నవల శీర్షిక అవతారికను విడిచి రాజ్యచరిత్రను ఆశ్రయించింది. అవతారిక సహచరుని చూపిన చోట ఆ సహచరుడు, చూపని చోట పాలకురాలు శీర్షికకు వచ్చారు. తర్వాతి నవలలైన 'కవిసార్వభౌముడు', 'కవిద్వయము', 'ధూర్జటి'లలో కవులే శీర్షికలలోకి వచ్చారు.

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. కాలనిర్ణయానికి, వంశక్రమానికి మాత్రమే ఉపకరిస్తాయని భావించే అవతారికలు కావ్యం వెనుక ఉన్న స్నేహానికీ, ఆదరణకూ సాక్ష్యాలు. ఒక మహాకావ్యం ఒక్కని ప్రతిభతోనే వెలసినదన్న అభిప్రాయాన్ని అవి సవరిస్తాయి. రెండవది, నవల ఆ సాక్ష్యాన్ని విస్తరిస్తుందే కాని కొత్త సాక్ష్యం కాజాలదు. తనిజాకి ప్రాచీన గ్రంథాల పక్కనే కల్పిత దినచర్యనూ ఆధారంగా చూపి, ఈ హద్దును ఉద్దేశపూర్వకంగా చెరిపాడు. నారాయణభట్టు గుణగణాలను సాహిత్యచరిత్రలో పేర్కొనేటప్పుడు నవలలో ఉన్నదేదో, నందంపూడి శాసనంలో ఉన్నదేదో పరిశోధకుడు వేరుచేసి చెప్పవలసి ఉంటుంది. అప్పుడే శాసనానికి దాని ప్రామాణ్యం, నవలకు దాని స్వేచ్ఛ దక్కుతాయి.