రాక్షసబల్లికి రూపు కట్టిన చేతులు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్రా, మన శాఖ చరిత్రా నాకంటె బాగా తెలిసిన పెద్దలు సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత మన మనుమలూ మనుమరాళ్లూ టీవీ ముందు కళ్లార్పకుండా చూసే మాంసాహార రాక్షసబల్లులకు మనిషి రూపం ఎలా కల్పించాడన్న చరిత్రను ఎంచుకున్నాను. ముప్పయ్యేళ్లు డ్రాయింగు బ్రాంచిలో పెన్సిలు పట్టినవాణ్ణి కాబట్టి ఈ విషయం మీద నాకు మొదటినుంచీ ఆసక్తి.

ఈ జంతువులను చూసిన మనిషి లేడు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటే అవి అంతరించాయి. దొరికేవి రాయిగా మారిన ఎముకలు, అవైనా అరకొరగానే. 1824లో ఇంగ్లండులో విలియం బక్లండ్ ఒక జంతువుకు మెగలోసారస్ అని పేరు పెట్టాడు. శాస్త్రీయంగా పేరు పొందిన మొట్టమొదటి డైనోసార్ అదే. ఆయన దగ్గర ఉన్నవల్లా పళ్లతో కూడిన కింది దవడ ముక్క, కొన్ని వెన్నుపూసలు, తుంటి ఎముకలు, తొడ ఎముక వంటివి. ఆ కొద్ది ఆధారంతోనే 1854లో లండను శివారు సిడెన్‌హామ్‌లో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి దానికి నిలువెత్తు బొమ్మ కట్టాడు. కట్టాడు అనడమే సరైన మాట. ఇనుము, ఇటుక, సిమెంటు వాడిన ఆ పని శిల్పంకంటె ఇల్లు కట్టడానికే దగ్గర. నాలుగు కాళ్లమీద నడిచే, మూపురం ఉన్న మృగంగా దాన్ని తీర్చాడు. అది రెండు కాళ్లమీద నడిచే జంతువని తరువాత తేలింది. బొమ్మ మాత్రం ఇప్పటికీ అక్కడే, నాలుగు కాళ్లమీదే ఉంది. సిమెంటును దిద్దడం కష్టం మరి!

అందరికీ తెలిసిన టైరనోసారస్ రెక్స్‌కు 1905లో పేరు పెట్టారు. 1915లో న్యూయార్కు మ్యూజియంలో దాని అస్థిపంజరాన్ని తోక నేలకు ఆనించి, కంగారూలాగా నిటారుగా నిలబెట్టారు. శరీరాన్ని నేలకు సమాంతరంగా ఉంచి, తోకను గాలిలో చాచి నడిచేదని శాస్త్రజ్ఞులు తేల్చిన తరువాత కూడా ఆ ఎముకలు చాలాకాలం అలాగే ఉన్నాయి. సరిచేసిన భంగిమతో ఆ హాలు తిరిగి తెరిచింది 1995లో. అంటే ఎనభై ఏళ్లు!

ఇక సినిమా వారి సంగతి. 1925లో, 1933లో వచ్చిన చిత్రాలకు విల్లిస్ ఓబ్రయన్ అనే ఆయన ఇనుప కీళ్లున్న రబ్బరు బొమ్మలను ఒక్కొక్క ఫ్రేముకూ వెంట్రుకవాసి కదిలిస్తూ ఫొటోలు తీయించాడు. 1933 నాటి చిత్రానికైతే తెరమీద ఒక్క సెకనుకు 24 ఫొటోలు కావాలి. ఆ ఓపిక తలుచుకుంటే మన పాత లెడ్జర్ల పని ఏపాటి?

ఆ విద్యలో ఆరితేరిన ఫిల్ టిపెట్ అనే ఆయనను 1993 నాటి 'జురాసిక్ పార్క్' చిత్రానికి పెట్టుకున్నారు. ఇంతలో మరో సంస్థలోని కుర్రవాళ్లు కంప్యూటరులో నడిచే టైరనోసారస్‌ను తయారుచేసి చూపించారు. దాన్ని చూసిన టిపెట్, అంతరించిన జీవుల జాబితాలో ఇక తానూ చేరినట్టేనని బెంబేలెత్తాడు. మన ఆఫీసులకు మొదటి కంప్యూటరు వచ్చి, దానికి ప్రత్యేకంగా ఏసీ గది కేటాయించిన రోజున టైపిస్టుల ముఖాలు ఎలా ఉన్నాయో గుర్తున్నవారికి ఆయన బాధ వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆయనను పంపెయ్యలేదు. జంతువు బరువు ఏ కాలిమీద పడుతుంది, తల తిప్పేముందు మెడ ఏం చేస్తుంది అన్నది ఆ కుర్రవాళ్లకంటె ఆయన మనుషులకే బాగా తెలుసు. అందుకని కీళ్లలో సెన్సార్లు అమర్చిన ఒక ఇనుప బొమ్మను తయారుచేశారు. పాత పనివాడు దాన్ని అలవాటైన పద్ధతిలో చేత్తో కదిలిస్తే, ఆ కదలిక కంప్యూటరులోకి వెళ్లేది. ఆ ఏడాది ఆస్కార్ బహుమతి అందుకున్నవారిలో టిపెట్ కూడా ఒకరు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఇదే.

అప్పట్లో మట్టితో చేసిన చిన్న నమూనాను లేజరుతో స్కాన్ చేసి కంప్యూటరుకు ఎక్కించేవారు. 1999లో జీబ్రష్ అనే ప్రోగ్రాం వచ్చాక క్రమంగా మట్టి అవసరమే తగ్గింది. ఇప్పుడు శిల్పి పలకలాంటి దానిమీద పెన్నుతో ఒత్తుతాడు. గట్టిగా ఒత్తితే తెరమీది ముద్ద లోతుగా నొక్కుకుంటుంది, తేలికగా ఒత్తితే గీత పడుతుంది. మంచి పనివాడు చర్మంతో మొదలుపెట్టడు. ముందు అస్థిపంజరం కొలతలు, దానిమీద కండరాలు, ఆపైన కొవ్వు, చివరకు పొలుసులు. బ్లెండర్ అనే ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుంది కనుక ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు.

సిమెంటుకు లేని గుణం దీనికి ఒకటుంది. తప్పు తేలితే సాయంత్రానికల్లా దిద్దవచ్చు. దిద్దవలసినవీ తక్కువేమీ కావు. 1996లో చైనాలో ఒక చిన్న మాంసాహార డైనోసార్ శిలాజంలో ఈకలవంటి నూగు కనబడింది. చికాగోలో ఉన్న 'సూ' అనే టైరనోసారస్‌ను స్కాన్ చేసి 2011లో లెక్కగడితే బరువు 9 టన్నులు దాటింది. 2018లో దాని పొట్టకింది ఎముకలను కూడా అమర్చేసరికి పొట్ట ఇంకా ముందుకొచ్చింది. అరచేతులు నేలవైపు ఉండవు, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఎదురెదురుగా ఉంటాయి. పళ్లు మొసలికిలాగా బయటికి కనబడవు, పెదవులు కప్పి ఉండేవని 2023లో కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. డ్రాయింగు బ్రాంచిలో కొలిచిన హద్దుకు నిండు గీత, అంచనా వేసిన హద్దుకు చుక్కల గీత గీసేవాళ్లం. చూసేవాడు మోసపోకూడదని ఆ నియమం. ఈ బొమ్మల్లో చుక్కల గీత లేదు. దొరికిన ఎముకమీది చర్మమూ, ఊహించిన ఎముకమీది చర్మమూ ఒకే తీరున మెరుస్తాయి. పని ఎంత బాగా చేస్తే తేడా అంత కనబడకుండా పోతుంది.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన శాకాహారి. దాని పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. తల మనిషి ఊహించి పెట్టినదే. మాంసాహారుల్లో మన దేశానికి పేరు తెచ్చినది రాజాసారస్. 1982-84 మధ్య గుజరాతులోని రహియోలీ దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణవారు సేకరించిన ఎముకలను పరిశీలించి 2003లో ఆ పేరు పెట్టారు. నుదుటిమీద పొట్టి కొమ్ముతో పుర్రె వెనుక భాగం, వెన్ను, తుంటి, వెనుక కాళ్లు, తోక భాగాలు ఉన్నాయి. ముఖం ముందు భాగం లేదు. దాన్ని మజుంగాసారస్ అనే మడగాస్కరు చుట్టాన్ని చూసి పూరిస్తారు. కనుక ఇవాళ తెరమీద కనబడే రాజాసారస్‌లో కొమ్ము గుజరాతుది, మూతి చాలావరకు మడగాస్కరుది.