గేరు మారినప్పుడు చైను లూజు ఎక్కడికి పోతుంది?

మీ దగ్గర గేరు సైకిలుంటే ఒక్కసారి వెనక చక్రం కింద చూడండి. స్ప్రింగుతో వేలాడే ఒక చేయి, దానికి రెండు చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. అదే డీరైలర్. చైనును పక్కకి జరపడమే దాని పని అనుకుంటాం. కానీ జరపడం తేలికే. అసలు తలనొప్పి లూజుతోనే. చైను పొడవు మారదు కదా! పెద్ద పళ్ళచక్రం ఎక్కితే ఎక్కువ చైను కావాలి, చిన్నదానికి దిగితే కొంత మిగిలిపోతుంది. నన్నడిగితే గేర్ల చరిత్రలో సగం ఈ మిగిలిన చైను కథే.

టూర్ డి ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ రైడర్లకి డీరైలర్ అనుమతి వచ్చింది 1937లో. అంతకుముందు కొండ వస్తే దిగడం, నట్లు విప్పడం, చక్రాన్ని తిప్పి రెండోవైపు పళ్ళచక్రానికి చైను వెయ్యడం! 1927లో ఒక ఇటలీ కొండ మీద చలికి వేళ్ళు కొంకర్లుపోయి టుల్లియో కాంపాన్యోలో నట్లు విప్పలేకపోయాడని చెబుతారు. (కాస్త మసాలా కలిసిందేమో అని నా అనుమానం.) ఏమైనా, నట్ల బదులు లీవరుతో చక్రం వదులయ్యే ఏర్పాటు మాత్రం ఆయనదే.

ఆ లీవరుతోనే వచ్చింది కాంబియో కోర్సా. ఇందులో లూజు లాగే చేయి అసలు లేదు! రైడర్ సైకిలు నడుస్తుండగానే వెనక్కి వంగి, చక్రం వదులు చేసి, పెడల్ వెనక్కి తొక్కుతూ రెండో లీవరుతో చైను జరపాలి. వెనక చక్రమే గాడిలో ముందుకో వెనక్కో జరిగి లూజును సర్దేది. నాలుగు పళ్ళు తేడా వస్తే రెండు లింకులు, అంటే ఒక అంగుళం చైను. అది పైనా కిందా పంచుకుంటుంది కాబట్టి చక్రం జరిగేది అరంగుళం. ఊహించండి, వదులు చక్రంతో రేసు! 1948లో 34 ఏళ్ళ జీనో బార్తాలి దీంతోనే టూర్ గెలిచాడు.

తర్వాత కాంపాన్యోలో కూడా గ్రాన్ స్పోర్ట్‌తో స్ప్రింగు చేయి దారికే వచ్చాడు.

లెక్క మాత్రం ఇప్పటికీ అదే. మీరు వెనక 28 పళ్ళది తీసి 34 వేస్తే ఆరు పళ్ళు తేడా, మూడు లింకుల చైను ఎక్కువ కావాలి. పాత చైనులో అంత మిగులు లేకపోతే, ముందూ వెనకా పెద్ద చక్రాల మీద పడిన క్షణంలో డీరైలర్ విరగొచ్చు. అందుకే చైనును డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ఆ రెండు పెద్ద చక్రాల చుట్టూ చుట్టి, ఇంకో రెండు లింకులు కలిపి కొలవండి.